రంగం నుంచి బరంపురం దాకా: ఒక తల్లి, ముగ్గురు పిల్లలు, ఒక తప్పు పుట్టినతేదీ

2018 వేసవిలో ఒకాయన నా ఆఫీసుకి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే అడిగేశాడు. "మేడమ్, మా తమ్ముడు మా నాన్నకి పుట్టినవాడు కాదని నిరూపించాలంటే ఏం కాగితాలు కావాలి?"

ఆయనకి అప్పటికి యాభై ఏడేళ్లు. తల్లి బతికే ఉంది, ఎనభైకి దగ్గర్లో ఉంది. పాత బరంపురంలో రెండు గదుల పెంకుటిల్లు, వెనక బావి, ముందు అప్పడాలు ఎండబెట్టుకునేంత జాగా, ఇదీ ఆస్తి. ఆవిడ పేరునే ఉంది. ముగ్గురు పిల్లలు: పెద్దది కూతురు, తర్వాత ఈయన, ఆఖరున తమ్ముడు. నేను ఈ ఊరి కోర్టులో ఇరవై ఏళ్లకి పైగా ప్రాక్టీసు చేస్తున్నాను, ఇంటి పంపకాల గొడవలే ఎక్కువగా చూస్తాను, అయినా తల్లి బతికుండగా ఇలా అడిగినవాళ్లు తక్కువ. కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. అసలు పేర్లు రాయను, మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఒడిశాలో గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ వైపు తెలుగు ఇళ్లలో ఇలాంటి కథలు ఇంకా చాలా ఉన్నాయి, ఆ ఇళ్ల కాగితాలు చదవడంలో నేను చేసిన తప్పు ఇంకొకరు చేయకూడదని రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి, ఎందుకంటే అది రెండు నిమిషాల్లో తేలిపోయింది. ఇల్లు తల్లి కష్టార్జితం. 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 15 ప్రకారం ఆడమనిషి ఆస్తి ఆమె కొడుకులకీ కూతుళ్లకీ భర్తకీ వెళ్తుంది. తండ్రి ఎవరన్న ప్రశ్న అక్కడ రాదు, తల్లి కడుపున పుట్టాడా లేదా అన్నదే లెక్క. ఆవిడ బతికుండగా అసలు వారసత్వమే తెరుచుకోదు. ఇదంతా చెప్పాక ఆయన కాసేపు ఊరుకుని, "ఇల్లు కోసం కాదు మేడమ్, నాకు తెలియాలి" అన్నాడు. అప్పుడు కూర్చున్నాడు.

నేను కేసు తీసుకోనని చెప్పాను. ముగ్గురూ ఒప్పుకుంటే, అమ్మగారు ఒప్పుకుంటే, కుటుంబ చరిత్ర మొత్తం రాసి పెడతానన్నాను. వీలునామా రాయాలన్నా అది ఎలాగూ పనికొస్తుంది. నెల తర్వాత నలుగురూ సరేనన్నారు.

ఆవిడ పుట్టింది రంగంలో. మన వైపు పాతవాళ్లకి బర్మాలోని రంగూన్ అంటే రంగమే. గోపాల్‌పూర్, కళింగపట్నం, భీమిలి, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కి రంగం వెళ్లేవారు, మేస్త్రీ ముందే డబ్బులిచ్చి మనుషుల్ని కట్టేవాడు, వెళ్లినవాళ్లు రేవులో మూటలు మోసేవారు, ధాన్యం మిల్లుల్లో పనిచేసేవారు, రిక్షాలు లాగేవారు. బర్మావాళ్లు మనవాళ్లని కోరంగీలనేవారు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. వెళ్లినవాళ్లలో ఆడవాళ్లు చాలా తక్కువ, ఆ తక్కువలో ఈవిడ తల్లి ఒకర్తె.

ఆవిడ ఈ దేశం మొదటిసారి చూసింది 1965లో, ఇద్దరు పిల్లల చేతులు పట్టుకుని విశాఖ రేవులో దిగినప్పుడు. అందరూ ఆవిణ్ణి తిరిగొచ్చినవాళ్ల లెక్కలో రాశారు. ఆవిడ ఎక్కడికీ తిరిగి రాలేదు. ఎప్పుడూ చూడని దేశానికి, భాష సగమే కలిసే ఊరికి వలస వచ్చింది. బరంపురంలో అడుగుపెట్టేసరికి బజారులో ఒడియా, ఇంటి చుట్టూ నేతపనివాళ్ల తెలుగు, తన నోట్లో సగం బర్మా మాటలు. అప్పడాలు చేసే ఇంట్లో లెక్కకింత అని కూలికి కుదిరింది, పదేళ్లు పోయాక తనే మినప్పిండి కలిపి సొంతంగా మొదలుపెట్టింది. నేను మొదటిసారి వెళ్లినరోజు కూడా పీట ముందే ఉంది. చూపు సరిగా ఆనకపోయినా ఉండ తీసి కర్ర ఒత్తితే ప్రతి అప్పడం ఒకే వెడల్పు. మాట్లాడుతున్నంతసేపూ ఆ చేతులు ఆగలేదు, ఒక్క భర్త సంగతి వచ్చినప్పుడు తప్ప.

మొదటి రోజు నేను చేసిన తప్పు ఇక్కడే చెప్పేస్తాను. పెద్దకొడుకు తెచ్చిన కాగితాల్లో అమ్మ పేరుతో ఉన్న బర్మా విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డు నకలు ఒకటుంది. తండ్రి గడిలో సింహాచలం అని ఉంది (అసలు పేరు ఇది కాదు, కానీ ఇలాంటిదే, దేవుడి పేరు). స్వస్థలం గడిలో "గంజాం, మద్రాసు" అని ఉంది. చిన్నకొడుకు పేరు కూడా సింహాచలమే. తాత పేరు మనవడికి పెట్టారని ఇంటిల్లిపాదీ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. పైగా ఆవిడకి చెవి సరిగా వినబడదు, నేను గట్టిగా "మీ నాన్నగారి పేరు సింహాచలమేనా మామ్మా?" అని అడిగాను, ఆవిడ "సింహాచలం, ఆఁ" అని తలూపింది. జవాబు నోట్లో పెట్టి అడిగే ప్రశ్న కోర్టులో వేస్తే లేచి అభ్యంతరం చెప్పేదాన్ని, ఇక్కడ నేనే వేశాను. వంశవృక్షంలో మగవాళ్లకి చదరం, ఆడవాళ్లకి సున్నా గీస్తాం కదా, సింహాచలానికి చదరం గీసి ముందుకెళ్లిపోయాను.

ఇక తేదీలు. ఆవిడకి సంవత్సరాలు తెలియవు, కానీ జరిగినవన్నీ తెలుసు. "ఎప్పుడు" అని అడిగితే ఏమీ రాదు, "అప్పుడు ఇంట్లో ఏం ఉంది, బయట ఏం జరిగింది" అంటే వరసగా వస్తుంది. రంగం మీద బాంబులు పడ్డప్పుడు తను నడుస్తోందట, మాటలు వచ్చీ రాకుండా ఉన్నాయని వాళ్లమ్మ చెప్పేదట. జపానువాళ్ల మొదటి బాంబులు 1941 డిసెంబరు 23న పడ్డాయి, అంటే పుట్టింది 1939, 40 ప్రాంతం. ఆ తర్వాత లక్షలమంది మనవాళ్లు కాలినడకన బయల్దేరారు, కొందరు ప్రోమ్ మీదుగా టౌంగప్ కనుమ దాటి అరకాన్ వైపు, కొందరు తమూ మీదుగా మణిపూర్ వైపు. దారిలో కలరాకీ ఆకలికీ ఎందరు పోయారో. వాళ్ల నాన్న టౌంగప్ దారిన వెళ్లిన గుంపులో ఉన్నాడని విన్నారు, అంతే. తల్లి జ్వరంతో ఉండి బిడ్డతో రంగంలోనే ఆగిపోయింది, యుద్ధం అయ్యాక ధాన్యం మిల్లులో చెరుగుడు పని చేసి పెంచింది.

"నోట్లు చెల్లని రోజు" అని ఇంకొకటి చెప్పింది. 1964 మే 17న బర్మా సైనిక పాలకుడు నే విన్ ప్రభుత్వం 50, 100 చాట్‌ల నోట్లు రద్దు చేసింది. అప్పటికే రంగంలో దుకాణాలు జాతీయం చేసేస్తున్నారు. భర్త మిల్లులో తూకం రాసేవాడు, కాస్త కూడబెట్టిందంతా పచ్చడి జాడీ అడుగున నూరు నోట్లలో ఉంది. ఆ నోట్లు చాలా రోజులు పారేయలేదట, పిల్లలు ఆడుకునేవారట. ఏడాది తిరిగేసరికి ఓడ. తనకీ పిల్లలకీ కాగితం వచ్చింది, భర్తకి రాలేదు, ఏదో పన్ను బాకీ లేదన్న చీటీ కావాలన్నారు, వెనక ఓడకి వస్తానన్నాడు.

ఇప్పుడు అసలు ముడి. ఓడ ప్రయాణానికి ఇచ్చిన ఎమర్జెన్సీ సర్టిఫికెట్ మీద ముద్ర 1965 జూన్ నెలది. తమ్ముడి మెట్రిక్ సర్టిఫికెట్‌లో పుట్టినతేదీ 1967 జూలై 1. భర్త ఎప్పుడూ ఇండియా రాలేదు. ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ఎవరైనా ఒకటే లెక్క వేస్తారు. పెద్దకొడుకు ఆ లెక్క వేసింది 1983లో, తమ్ముడి సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు. తనకప్పుడు ఇరవై రెండు. ఎవరితోనూ అనలేదు. ముప్పై అయిదేళ్లు మోశాడు. తమ్ముడు పుట్టినప్పటి సంగతి ఏదైనా గుర్తుందా అంటే, అప్పటికి నాలుగేళ్లవాణ్ణి, ఏమీ గుర్తులేదన్నాడు.

ముగ్గురితోనూ విడివిడిగా మాట్లాడాను, ఇలాంటి వాటిలో అది తప్పనిసరి. పెద్దకూతురు రాగానే ఏడ్చేసింది. 1972లో తమ్ముణ్ణి బడిలో వేసింది తనే, అమ్మ పనికి వెళ్లిపోయింది, మాస్టారు పుట్టినతేదీ అడిగితే పద్నాలుగేళ్ల పిల్ల ఏం చెబుతుంది, ఆయనే అయిదేళ్లు నిండినట్టు లెక్కకట్టి జూలై 1 అని రాసేశారు. మన తరంవాళ్లలో సగంమంది జూన్, జూలైల్లో పుట్టినవాళ్లం, ఎందుకో అందరికీ తెలుసు. "ఓడలో అమ్మ వాంతులు చేసుకుంటూనే ఉంది మేడమ్, నేను చెంబుతో నీళ్లు పోశాను, వాడు అప్పటికే కడుపులో ఉన్నాడు" అంది. మరి ఈ మాట తమ్ముడికి ఎందుకు చెప్పలేదంటే, అడిగినవాళ్లు లేరు, ఇలాంటి అనుమానం ఒకటి ఇంట్లో తిరుగుతోందనే తనకి తెలియదు. తీరా తెలిశాక చెబితే, అక్క చిన్నవాడి పక్షమేగా అని పెద్దవాడు కొట్టిపారేశాడు. ఓడలో అందరూ వాంతులే చేసుకుంటారన్నాడు. అదీ నిజమే.

చిన్నవాడు ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం నడుపుతాడు, నెమ్మదస్తుడు. ఆయనకి ఈ సంగతి ఎలా ఎత్తాలా అని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. "నాకు మెట్రిక్ అయినప్పటి నుంచీ తెలుసండీ. అన్నయ్య సర్టిఫికెట్ చూసి నావైపు చూసిన చూపు తెలుసు" అన్నాడు. అమ్మని అడిగారా అంటే లేదన్నాడు. అడిగితే అమ్మ ఏమవుతుందోనని.

ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు నోరు తెరిచినా తల్లి రెండు మాటల్లో తేల్చేసేది, ఎందుకంటే ఆవిడ దగ్గర తేదీ ఉంది. మూడోసారి కూర్చున్నప్పుడు, చిన్నబ్బాయి పుట్టినప్పుడు బయట ఏం జరుగుతోంది మామ్మా అని అడిగాను, ఇంకేమీ కలపకుండా. "శాస్త్రిగారు పోయారు. వీధి చివర రేడియో దగ్గర జనం మూగారు. నేను చూడ్డానికి లేవబోతే మంత్రసాని కసిరింది, పురుడు పోసుకుని ఇరవయ్యొకటో రోజు రాలేదు, గడప దాటతావా అని." లాల్ బహదూర్ శాస్త్రి తాష్కెంట్‌లో చనిపోయింది 1966 జనవరి 11. బారసాల ఇంకా కాలేదంటే బిడ్డ పుట్టింది డిసెంబరు ఆఖరి పదిరోజుల్లోనో జనవరి మొదటి పదిరోజుల్లోనో. అప్పటి సాక్ష్య చట్టం సెక్షన్ 112లో 280 రోజుల లెక్క ఒకటుంది, వివాహబంధం తెగిపోయాక 280 రోజుల్లోపు, తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉండగా, పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే. ఇక్కడ బంధం తెగలేదు, కానీ ఇద్దరూ విడిపోయిన రోజు నుంచి అదే కొలత పెట్టి చూశాను. 1965 జూన్ మధ్య నుంచి లెక్కిస్తే 280 రోజులు మార్చి మూడో వారం దాకా వస్తాయి. పిల్లవాడు అంతకు రెండు నెలలు ముందే పుట్టాడు.

నాకు సరిపోయింది. పెద్దకొడుక్కి సరిపోదని తెలుసు, అమ్మ మాటే కదా అంటాడు. ఇంకేమైనా కాగితం ఉందా మామ్మా అంటే, లోపలికి వెళ్లి పౌడర్ డబ్బా అంత రేకు డబ్బా తెచ్చింది. దాంట్లో ఒక తనాకా చెక్క ముక్క, బర్మాలో ఆడవాళ్లు సానరాయి మీద నీళ్లతో అరగదీసి బుగ్గలకి రాసుకునేది, అరిగి అరిగి బొటనవేలంత మిగిలింది. దాని కింద భర్త రంగం నుంచి రాసిన అయిదు ఉత్తరాలు, మడతల దగ్గర చిరుగులతో.

ఆ ఉత్తరాలు ఇంట్లో ఉన్నాయని ముగ్గురికీ తెలుసు! ఎవరూ చదవలేదు, చదవలేరు. ముగ్గురూ ఒడియా మీడియంలో చదివారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ అక్షరం రాదు. తల్లికి ఏ అక్షరమూ రాదు. అప్పట్లో పక్కవీధి నేతపనాయన చదివి పెట్టేవాడట, ఆయన పోయి నలభై ఏళ్లు. సరిహద్దు ఊళ్లలో ఇది నేను పదేపదే చూస్తాను, తాత రాసిన తెలుగు దస్తావేజు మనవడికి బొమ్మలాగే కనబడుతుంది.

రెండో ఉత్తరం మీద 1965 సెప్టెంబరు తేదీ ఉంది. బియ్యం ధర, మిల్లులో రావాల్సిన జీతం, ఎవరికో ఇచ్చిన అప్పు, వీటి మధ్యలో ఇలా ఉంది: "కాన్పు సంక్రాంతి లోపేనని రాయించినావు. కంబళి అమ్మవద్దు, చలికి కావాలి. ఆడదైనా మగవాడైనా మీ అమ్మ పేరు పెట్టుము, ఎవరికైనా సరిపోతుంది కదా."

నేను ఆ ఆఖరి వాక్యం రెండుసార్లు చదివాను. మీ అమ్మ పేరు. సంచిలోంచి వంశవృక్షం తీసి ఆవిడ ముందు పరిచి, చదరం మీద వేలు పెట్టి "ఇది సింహాచలం మామ్మా, ఎవరు?" అన్నాను. "మా అమ్మ, తల్లీ" అంది, నాకు ఇంతకాలం తెలియనందుకు ఆశ్చర్యపోతూ. ఉత్తరాంధ్రలో, మా గంజాంలో సింహాచలం అని ఆడపిల్లలకీ పెడతారు, మగపిల్లలకీ పెడతారు, నా చిన్నప్పుడు మా వీధిలోనే ఇద్దరుండేవారు, ఒకరు ఆడ, ఒకరు మగ. యుద్ధం అయ్యాక రిజిస్ట్రేషన్ రాయించుకునేటప్పుడు తండ్రి లేడు, తల్లి తన పేరు చెప్పింది, రాసినవాడు గడిలో ఉన్నదాన్ని బట్టి తండ్రి పేరనుకున్నాడు. ఆ గడిని చూసి పెద్దకొడుకు పాతికేళ్ల వయసులో సింహాచలం అనే మగమనిషి కోసం ఊళ్లు తిరిగాడు. పైగా తప్పు దిక్కున తిరిగాడు, కార్డులో మద్రాసు అని ఉంటే ఆంధ్ర వైపు అనుకుని ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి అంతా గాలించాడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే. అప్పుడు జిల్లాని చీల్చి చాలాభాగం ఒడిశాకిచ్చారు, మిగిలింది విశాఖ జిల్లాలో కలిపారు, ఆ భాగం 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వెళ్లింది. అందుకే పాత కాగితంలో గంజాం అని ఉంటే రెండు రాష్ట్రాల్లోనూ వెతకాలి, మద్రాసు అన్న మాట ఏ దిక్కూ చెప్పదు.

ఆ తర్వాత ఊరు దొరకడానికి నెల పట్టలేదు. మామ్మకి వాళ్లమ్మ చెప్పిన గుర్తులు రెండున్నాయి, రాత్రి ఇసకలో కూర్చుంటే గోపాల్‌పూర్ లైట్‌హౌస్ దీపం కనబడేదని, ఊరి అమ్మవారి పేరూ. ఆ తీరం వెంబడి ఇప్పటికీ ఇళ్లలో తెలుగు మాట్లాడే పల్లెలున్నాయి. ఈసారి నేను పేరు చెప్పి అడగలేదు, "మీ ఊరి నుంచి రంగం వెళ్లిన ఆడవాళ్లు ఎవరైనా ఉన్నారా" అని మాత్రమే అడిగాను. మూడో పల్లెలో వలలు బాగుచేసుకుంటున్న ముసలాయన తల ఎత్తకుండానే "రంగం సింహాచలం ఉండేది, మా నాయనమ్మ అక్క" అన్నాడు. బాంబులు పడ్డ ఏడు నుంచి మనియార్డర్లు ఆగిపోయాయట, అందరూ పోయిందనుకుని నీళ్లు వదిలేశారు. ఆయన మనవలిద్దరూ సూరత్‌లో మరమగ్గాల మీద ఉన్నారు, గంజాం కుర్రాళ్లకి ఇప్పుడు సూరతే రంగం.

వీలునామా మూడు సమాన వాటాలకి రాశాం. ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించాం. ముసాయిదాలో అలవాటు ప్రకారం భర్త పేరు ముందు "కీర్తిశేషులు" అని పెట్టించాను. 1967 తర్వాత ఉత్తరం లేదు, ఏడేళ్లు కబురు లేకపోతే చట్టం మనిషి పోయినట్టే అనుకుంటుంది. చదివి వినిపిస్తుంటే అప్పడాల కర్ర ఆగింది. "పోయాడని ఎవరు చెప్పారు తల్లీ?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ మాట కొట్టేయించి, "రంగములో నివాసముండిన" అని రాయించాను. వంశవృక్షంలో ఆయన చదరం పక్కన తేదీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది. చిన్నవాడి సర్టిఫికెట్ తేదీ దిద్దించడానికి ఆయనే వద్దన్నాడు, దుకాణంవాణ్ణి, నాకెందుకండీ అని.

అయిదు ఉత్తరాలూ ఒడియా లిపిలో ఎత్తి రాసి ముగ్గురికీ మూడు కాపీలిచ్చాను, మాటలు తెలుగే, అక్షరాలు మాత్రం వాళ్లకొచ్చినవి. పెద్దకొడుకు తన కాపీ అక్కడే అరుగు మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాడు, పైకే, కూడబలుక్కుంటూ. కంబళి అన్నచోట తడబడ్డాడు. వాళ్లమ్మ పీట మీంచే అందించింది, "కంబళి అమ్మవద్దు, చలికి కావాలి." తర్వాత లైను కూడా ఆవిడే చెప్పింది, చూడకుండా.